ఆస్ట్రేలియా పీఆర్‌కి (శాశ్వత నివాసానికి) ఇప్పుడు ఏ ఉద్యోగాలకు డిమాండ్ ఉంది? 65 పాయింట్లు ఉంటే చాలా?

అడిగిన తమ్ముడు తన గురించి రాసినది ఇదీ: 30 ఏళ్ళు, పెళ్ళి కాలేదు, బీటెక్ మెకానికల్, పుణెలో ఏడేళ్ళుగా డిజైన్ ఇంజినీరు. కన్సల్టెన్సీ వాళ్ళు "మెకానికల్ ఇంజినీర్ డిమాండ్ లిస్టులో ఉంది, 65 పాయింట్లు ఉంటే చాలు" అన్నారట. అది నిజమేనా అని అడుగుతున్నాడు.

నిజమే తమ్ముడూ. లిస్టులో ఉంది. 65 కూడా చాలు, వరుసలో నిలబడడానికి. ఎంసెట్‌లో, అదే ఇప్పటి ఎప్‌సెట్‌లో, క్వాలిఫై అయినవాళ్ళందరికీ ఉస్మానియాలో సీటు వస్తుందా? ఇదీ అంతే. 65 దాటితే నీ పేరు స్కిల్‌సెలెక్ట్ అనే బుట్టలో పడుతుంది. బుట్టలోంచి ఎవరిని తీస్తారన్నది నీ వృత్తిలో నీకంటే పైన ఎంతమంది ఉన్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. 2022 డిసెంబరు పిలుపుల రౌండులో నర్సులకు, స్కూలు టీచర్లకు 65కే పిలుపు వచ్చింది. సాఫ్ట్‌వేర్ వాళ్ళు అంతకు చాలా పైన ఉండి కూడా ఎదురుచూశారు. మా ఊళ్ళో నర్సింగ్ చేసిన అమ్మాయిని చూసి "బీటెక్ సీటు రాలేదా పాపం" అన్నవాళ్ళందరూ ఇది ఒకసారి చదవాలి.

పైగా లిస్టు ఒకటే కాదు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. టెస్టర్ ఉద్యోగం లిస్టులో ఉందని మాకు కూడా చెప్పారు, మేం మిఠాయిలు కూడా పంచాం. తర్వాత తెలిసింది, అది 189 వీసాకు పనికొచ్చే లిస్టు కాదని. 189 అంటే ఎవరి సిఫారసూ లేకుండా నేరుగా వచ్చే పీఆర్. నాకు మిగిలినవి 190, 491 అనే వీసాలు. రెండిటికీ ఏదో ఒక రాష్ట్రం నామినేట్ చేయాలి. 190 కి 5 పాయింట్లు కలుపుతారు, 491 కి 15. కానీ 491 వచ్చీరాగానే పీఆర్ కాదు. అయిదేళ్ళ వీసా, సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ కాని చోట ఉండాలి, మూడేళ్ళ తర్వాత పీఆర్ కోసం 191 అనే వీసాకు దరఖాస్తు పెట్టుకోవాలి. కన్సల్టెన్సీ వాళ్ళు ఇవన్నీ కలిపి ఒక్కటే మాట అంటారు, "పీఆర్" అని.

అప్పట్లో నా లెక్క చెప్తాను. వయసుకు 30 (25 నుంచి 32 ఏళ్ళ దాకా ఇంతే ఇస్తారు). డిగ్రీకి 15. పీటీఈ అనే ఇంగ్లీషు పరీక్షలో నాలుగు భాగాల్లోనూ 79 దాటాను కాబట్టి ఇంగ్లీషుకు 20. మా ఆయనకు మామూలు ఇంగ్లీషు స్కోరు ఉన్నందుకు 5. ఇక అనుభవం. ఎనిమిదేళ్ళ ఉద్యోగానికి 15 వస్తాయని ఆశపడ్డాను. ఐటీ వాళ్ళ చదువునూ అనుభవాన్నీ లెక్కగట్టేది (దీన్నే స్కిల్ అసెస్‌మెంటు అంటారు) ఏసీఎస్ అనే సంస్థ. నా బీటెక్ ఐటీ కాదు, ఈసీఈ కాబట్టి మొదటి నాలుగేళ్ళు పని నేర్చుకోవడానికే సరిపోయాయని వాళ్ళు కొట్టేశారు. మిగిలిన నాలుగేళ్ళకు 5. మొత్తం 75. అక్కడ ఆగిపోయాను.

ఆ 75 ని 80 చేసింది ఆస్ట్రేలియా వాడి డిమాండ్ లిస్టు కాదు, మా అత్తమ్మ. అసలు నేను రాయాలనుకున్నది ఇదే.

నాటి అనే సంస్థ సీసీఎల్ అని ఒక పరీక్ష పెడుతుంది. పాసైతే 5 పాయింట్లు. అందులో తెలుగు ఉంది. మన తెలుగు మాట్లాడినందుకు ఆస్ట్రేలియా పాయింట్లిస్తుందని తెలిసిన రోజు నేను నవ్వాను. ఇంట్లో పొద్దున లేస్తే మాట్లాడేది తెలుగే, దీనికి కూడా చదవాలా అనుకున్నాను. ఒక ఇంగ్లీషు మనిషి, ఒక తెలుగు మనిషి మాట్లాడుకుంటుంటే మధ్యలో మనం అటుది ఇటు, ఇటుది అటు చెప్పాలి. డాక్టరు దగ్గర, బ్యాంకులో, బళ్ళో, కోర్టులో జరిగే మాటలుంటాయి. ఇలాంటివి రెండు సంభాషణలు. ఒక్కోదానికి 45 మార్కులు. మొత్తం 90 కి 63 రావాలి, దేనిలోనూ 29 కి తగ్గకూడదు. ఫీజు అప్పట్లో 800 డాలర్లు.

2021 ఆగస్టులో కూకట్‌పల్లిలో మా ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని రాశాను. మొత్తం 65 వచ్చాయి. కానీ ఒకదానిలో 38, రెండోదానిలో 27. ఫెయిల్.

తెలుగులో ఫెయిల్! ఈ ముక్క మా అమ్మకు నేటికీ చెప్పలేదు.

పరీక్షలో ఏమడిగారో బయట చెప్పకూడదన్న షరతు ఉంది కాబట్టి ఆ తర్వాత ఇంట్లో జరిగిన ప్రాక్టీసు గురించి చెప్తాను. మా ఆయన ఇంటి ఏజెంటు, ఇంగ్లీషు మాటలు ఆయనవి. అత్తమ్మ అద్దెకున్న మనిషి. మధ్యలో నేను. అత్తమ్మ ముందు పళ్ళెంలో చిక్కుడుకాయలు, ఒకవైపు ఈనెలు తీస్తూనే ఉంది. రాసిచ్చిన కాగితం ఆమె చూడలేదు. "ఇల్లు ఖాళీ చేసిన, అంతే గదా, నాకు తెల్వదా" అంది.

ఏజెంటు మొదలుపెట్టాడు. ఇల్లు ఖాళీ చేశారు, కార్పెట్ మీద మరక ఉంది, అందుకని మీ బాండ్ మొత్తం తిరిగి ఇవ్వలేం అన్నాడు. నేను గడగడా చెప్పాను: "కార్పెట్ మీద మరక ఉందట అత్తమ్మా, అందుకని మీ బాండ్ పేపర్ మొత్తం తిరిగి ఇవ్వలేరట."

అత్తమ్మ చిక్కుడుకాయ పక్కన పెట్టింది. "బాండ్ పేపర్ నేనేం జేసుకుంట? నా పైసలు నాకిమ్మను."

మా ఆయన నవ్వాపుకోలేక ఫోన్లో వెతికాడు. అక్కడ ఇంటి బాండ్ అంటే అద్దెకు దిగేటప్పుడు కట్టే డిపాజిట్. నాకు తెలిసిన బాండ్ రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర అమ్మే బాండ్ పేపరొక్కటే. "అద్దెకు దిగేటప్పుడు ఇచ్చేదాన్ని అడ్వాన్స్ అనరా? అడ్వాన్స్ అను" అంది అత్తమ్మ. అయిదో తరగతి దాకా చదివిన మనిషి, ఎనిమిదేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టిన నన్ను పట్టుకుంది.

అక్కడితో ఊరుకుందా? ఏజెంటు 'వేర్ అండ్ టేర్' అంటే నేను "చిరగడం, అరగడం" అన్నాను. "ఇల్లు చిరుగుతదా బిడ్డా? వాడితే పాతబడ్డది అను." డాక్టరు 'రిఫరల్' అంటే నేను నీళ్ళు నమిలాను. "పెద్ద డాక్టరుకు చిట్టీ రాసిచ్చుడు." ఇక నొప్పులు. ఇంగ్లీషులో పేషెంటు ఏ రకంగా బాధపడ్డా నా నోట వచ్చేది ఒకటే మాట, నొప్పి. అత్తమ్మ దగ్గర సలుపు ఉంది, పోటు ఉంది, మంట ఉంది, తిమ్మిరి ఉంది, గుంజుడు ఉంది. అన్నీ వేరువేరు. ఏది ఏదో తన మోకాలి మీద చెయ్యి పెట్టి చూపించింది. నేను లాంగ్ నోట్‌బుక్కులో రాసుకున్నాను. నాలుగు నెలల్లో నూట ఇరవై పేజీలు నిండాయి.

2022 జనవరిలో మళ్ళీ కూర్చున్నాను. పరీక్ష అయ్యేదాకా అత్తమ్మ కుక్కర్ పెట్టలేదు, విజిల్ వస్తుందని. ఈసారి 71.

నా అభిప్రాయం అడిగితే ఈ పరీక్షలో తెలుగు మీడియం వాళ్ళు కళ్ళు మూసుకుని పాసవుతారు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియంలో, తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే బళ్ళో చదివిన నాలాంటి వాళ్ళే బోల్తా పడతారు. నేనెరిగినవాళ్ళలో ముగ్గురు రాశారు, ముగ్గురిదీ ఇదే కథ. ముగ్గురు చాలరా అంటే, నాకు చాలు. ఆ బడికి మా నాన్న కట్టిన ఫీజులు, ఆ ఫైన్లు, పైన ఈ 800 డాలర్లు రెండుసార్లు. తెలుగు మర్చిపోవడానికి ఒకసారి డబ్బు కట్టాం, గుర్తు తెచ్చుకోవడానికి ఇంకోసారి.

ఇందులో వయసు టెన్షన్ ఒకటి. 33 నిండిన రోజున 30 కాస్తా 25 అవుతుంది. నాకు 2023 జనవరిలో నిండుతాయి. అంటే అంత కష్టపడి తెచ్చుకున్న 5, పుట్టినరోజు కేకుతో పాటు పోతుంది. పిలుపు వచ్చిన రోజున ఉన్న వయసే లెక్క కాబట్టి క్యాలెండర్ చూసుకుంటూ కూర్చున్నాను. 2022 నవంబరులో సౌత్ ఆస్ట్రేలియా రాష్ట్రం 491 కి పిలిచింది. 80 కి 15 కలిపి 95. రెండు నెలల తేడాతో బయటపడ్డాను.

ఇక నీ సంగతి. వయసు 30, డిగ్రీ 15, పెళ్ళి కానందుకు 10. అవును, ఒంటరిగా ఉన్నందుకు 10 ఇస్తారు. ఏడేళ్ళ అనుభవానికి 10. ఇది 65. నీ కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పిన అంకె ఇక్కడి నుంచే వచ్చి ఉంటుంది. ఇంగ్లీషు బాగా రాస్తే ఇంకో 20. సీసీఎల్ 5. మొత్తం 90. అంటే నీ చేతిలో ఉన్నది లిస్టు కాదు, ఈ చివరి 25. లిస్టు మారుతూనే ఉంటుంది, దాన్ని చూస్తూ కూర్చుంటే నీకు 33 వస్తాయి.

ఈలోగా పెళ్ళి చేసుకుంటే ఆ 10 నిలవాలంటే అమ్మాయికి కూడా లిస్టులో ఉన్న ఉద్యోగం, దానికి స్కిల్ అసెస్‌మెంటు, ఇంగ్లీషు స్కోరు ఉండాలి. ఒట్టి ఇంగ్లీషు స్కోరే ఉంటే 5. మా బంధువుల్లో ఒకబ్బాయి పెళ్ళిచూపుల్లో "పీటీఈ ఎంత?" అని అడిగాడు. పిల్ల తండ్రి అదేదో షుగర్ పరీక్ష అనుకుని "మా ఇంట్లో ఎవరికీ లేదండీ" అన్నాడు. సంబంధం కుదరలేదు.

ఇంకొక్కటి. మెకానికల్ వాళ్ళ అసెస్‌మెంటు ఇంజినీర్స్ ఆస్ట్రేలియా చేస్తుంది. చాలామంది సీడీఆర్ అనే రిపోర్టు పెట్టాలి, అందులో నువ్వు చేసిన పనుల గురించి మూడు కథనాలు నీ మాటల్లో ఉండాలి. అమీర్‌పేటలో ఇవి రెడీమేడ్‌గా అమ్ముతారు. మా ఆయన స్నేహితుడొకడు కొన్నాడు. అదే కథనం అంతకుముందు ఇంకెవరో పెట్టారట, దొరికిపోయాడు, కొంతకాలం మళ్ళీ దరఖాస్తు పెట్టనివ్వలేదు. డబ్బు తీసుకున్నాయన ఫోన్ ఎత్తలేదు. నువ్వు పుణెలో ఏం గీశావో నువ్వే రాసుకో. ఏజెంటు కావాలనుకుంటే ఆస్ట్రేలియాలో రిజిస్టరైన వాళ్ళ జాబితా మారా అనే ప్రభుత్వ సంస్థ వెబ్‌సైటులో ఉంటుంది, పేరు వెతికి చూసుకో.

ఆస్ట్రేలియా వచ్చాక ఉద్యోగం దొరుకుతుందా అని అడుగుతావేమో. నాకు అయిదు నెలలు పట్టింది. డిమాండ్ ఉందని పిలిచిన దేశంలో ప్రతి ఇంటర్వ్యూలోనూ "ఇక్కడ పనిచేసిన అనుభవం ఉందా?" అని అడిగారు. మా ఆయన ఆ అయిదు నెలలూ గోదాంలో పెట్టెలు మోశాడు. ఈ సంగతి ఏ లిస్టులోనూ ఉండదు.

పోయినేడాది సౌత్ ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో మా మొదటి అద్దె ఇల్లు ఖాళీ చేశాం. ఇక్కడ అడ్వాన్సు ఓనరు దగ్గర ఉండదు, ప్రభుత్వ ఆఫీసులో జమ చేస్తారు. ఏజెంటు వచ్చి గోడలు, తలుపులు అన్నీ చూసుకుంటూ పోయాడు. కార్పెట్ మీద మరక కాని మరకొకటి చూపించాడు. అది వాడకంలో పాతబడిందని నేను ఇంగ్లీషులో వాదించాను, ఒప్పుకున్నాడు. ఆ రాత్రి వీడియో కాల్‌లో అత్తమ్మ మొదట అడిగింది అదే.

"అడ్వాన్స్ మొత్తం ఇచ్చిండా?"

"120 డాలర్లు పట్టుకున్నాడు అత్తమ్మా. పొయ్యి సరిగ్గా కడగలేదని."

"కడిగి రావద్దా మరి?"