పరోక్షం, అనుమానం: కృష్ణ పదార్థం వేటలో రెండు మాటలు

సందేహం: ఒక సైన్స్ వ్యాసంలో ‘కృష్ణ పదార్థ కణాల కోసం పరోక్ష అన్వేషణ’ అని చదివాను. కృష్ణ పదార్థం అంటే వెలుగునివ్వని, టెలిస్కోపులకు కనిపించని పదార్థం (డార్క్ మ్యాటర్) అని తెలుసు. పరోక్షం అంటే మనిషి ఎదురుగా లేకపోవడం కదా, అన్వేషణకు ఎలా కుదురుతుంది? అందులోనే ‘గామా కిరణాలను బట్టి కృష్ణ పదార్థం ఉన్నట్లు శాస్త్రవేత్తల అనుమానం’ అని ఉంది. సైన్స్‌లో అనుమానం అనవచ్చా?

సమాధానం: మొదటిది నిక్షేపంగా కుదురుతుంది. అక్షం అంటే కన్ను. కంటికి ఎదురుగా ఉన్నది ప్రత్యక్షం, కంటికి అవతల ఉన్నది పరోక్షం. ‘నా పరోక్షంలో ఏమన్నాడు?’ అంటే నేను లేనప్పుడు అని. ‘పరోక్షంగా అన్నాడు’ అంటే సూటిగా అనకుండా ఇంకోదాని మీద పెట్టి అన్నాడని. ‘లో’ చేరితే ఒక అర్థం, ‘గా’ చేరితే మరొకటి. పరోక్ష పన్ను, పరోక్ష ఎన్నిక ఈ రెండో అర్థంలోవే. పరోక్ష అన్వేషణా అంతే. తాను కళ్లారా చూడని గతాన్ని చెప్పేటప్పుడు వాడాల్సిన సంస్కృత క్రియారూపానికి వ్యాకరణకర్త పాణిని ‘పరోక్షే లిట్’ అని ప్రత్యేకంగా సూత్రమే రాశాడు. చూడలేదన్న సంగతిని క్రియలోనే ఒప్పుకోవడం నాకెంతో ఇష్టం.

భూమి అడుగున ద్రవ జెనాన్ ట్యాంకులు పెట్టి, కృష్ణ పదార్థ కణం వచ్చి పరమాణు కేంద్రకాన్ని తాకుతుందేమోనని కాచుకోవడం ప్రత్యక్ష పద్ధతి. ఆ కణాలు అంతరిక్షంలో ఒకదాన్నొకటి ఢీకొని నశిస్తే పుట్టే గామా కిరణాలు, పాజిట్రాన్లు (ధనావేశపు ఎలక్ట్రాన్లు), న్యూట్రినోల (దేన్నీ అంతగా తాకకుండా దూసుకుపోయే కణాల) కోసం వెతకడం పరోక్ష పద్ధతి. 2008లో ప్రయోగించిన ఫెర్మీ టెలిస్కోపు గామా కిరణాలను చూస్తుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీద 2011 నుంచి ఉన్న ఏఎంఎస్ అనే పరికరం పాజిట్రాన్లను లెక్కిస్తుంది. దక్షిణ ధ్రువపు మంచులోకి 5,160 సెన్సర్లు దించిన ఐస్‌క్యూబ్ ప్రయోగశాల న్యూట్రినోలను పడుతుంది.

ఇక ‘అనుమానం’. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. తర్కశాస్త్రంలో కొండ మీద పొగ చూసి నిప్పుందని తెలుసుకోవడం అనుమానం. అది ప్రమాణం, అంటే నమ్మదగిన జ్ఞానానికి దారి. మన వాడుకలో అనుమానం అంటే శంక. ‘అనుమానం పెనుభూతం’ అంటాం. మరి వ్యాసంలోది ఏది?

తర్కంలో అనుమానం నిలబడాలంటే వ్యాప్తి కావాలి. పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉండితీరాలి. ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అనే మన సామెత చెప్పేదీ అదే. పాలపుంత నడిబొడ్డు నుంచి ఊహించినదానికన్నా ఎక్కువగా గామా కిరణాలు వస్తున్నాయని ఫెర్మీ సమాచారాన్ని చూసినవారు 2009లో గుర్తించారు. కానీ సెకనుకు వందలసార్లు తమ చుట్టూ తాము తిరిగే పల్సర్లనే మృత నక్షత్రాల నుంచి కూడా అవి రావచ్చు. ఊహించినదానికన్నా ఎక్కువగా కనిపిస్తున్న పాజిట్రాన్ల విషయంలోనూ పల్సర్లే అడ్డం వస్తున్నాయి. పొగ ఏ పొయ్యిదో తేలలేదు, వ్యాప్తి కుదరలేదు. కాబట్టి ఇక్కడున్నది మన వాడుక అనుమానమే. సైన్స్‌లో ఆ మాట నిస్సంకోచంగా రాయవచ్చు.

అయితే ఆ వాక్యంలో ‘ఉన్నట్లు’ అనడం పొరపాటు. కృష్ణ పదార్థం ఉందని చెబుతున్నది గామా కిరణాలు కాదు, గురుత్వాకర్షణ. కోమా గుంపులోని గెలాక్సీలు, కనిపించే పదార్థం పట్టి ఉంచగలిగినదానికన్నా చాలా వేగంగా తిరుగుతున్నాయని ఖగోళ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ జ్విక్కీ 1933లోనే చూపించాడు. దాన్నిబట్టి కనిపించని పదార్థం ఉందనుకోవడం తర్కశాస్త్రపు అనుమానానికి దగ్గరిది. గామా కిరణాల గురించైతే నేను ఇలా రాస్తాను: ‘ఈ కిరణాలు కృష్ణ పదార్థ కణాల నుంచి వస్తున్నాయేమోనని శాస్త్రవేత్తల అనుమానం.’