వయొలిన్ అమ్మేయమంటున్నారు

ప్రశ్న: మావారికి 47 ఏళ్లు. ఇరవై ఏళ్లకు పైగా కచేరీల్లో వయొలిన్ పక్కవాద్యం వాయించారు. రెండేళ్లుగా ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు తీగ మీద పెట్టగానే లోపలికి ముడుచుకుపోతున్నాయి. న్యూరాలజిస్టు ఫోకల్ డిస్టోనియా అన్నారు. ఇంజెక్షన్లు చేయించినా కచేరీ చేసేంత గుణం కనిపించలేదు. ఇప్పుడు పెట్టె తెరవరు, ఇంట్లో రేడియో పెట్టనివ్వరు. పన్నెండేళ్ల మా అబ్బాయి స్నేహితుడి ఇంటికి వెళ్లి సాధన చేసుకుంటున్నాడు. సభలవాళ్లు ఫోను చేస్తే ఊళ్లో లేరని చెబుతున్నాను. పాఠాలు చెప్పుకోమంటే మండిపడతారు. "ఆ వయొలిన్ అమ్మేయి, ఇక నేనెందుకు" అంటున్నారు. ఏం చేయాలి?
- ఒక ఇల్లాలు, కాకినాడ

జవాబు: అమ్మా, ముందు ఆ "ఇక నేనెందుకు" సంగతి. విసుగులో అన్న మాటే అనుకుని వదిలేయకండి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా ఉంచకుండా అదే రోజు మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఏ వేళ ఫోను చేసినా తెలుగులో మాట్లాడతారు.

ఈ జబ్బులో చాలామందికి నొప్పి ఉండదు. అదే చేత్తో చొక్కా గుండీలు పెట్టుకుంటారు, స్కూటరు క్లచ్చి నొక్కుతారు. వయొలిన్ పట్టుకున్నప్పుడే వేళ్లు మొండికేస్తాయి. అందుకే చూసేవాళ్లు "చెయ్యి బాగానే ఉందిగా, అంతా మనసులోనే" అంటారు. మీరూ ఎప్పుడో అనే ఉంటారు. నిజానికి మెదడులో వేళ్లను నడిపించే ఏర్పాటు చెదిరింది. ఏళ్లతరబడి అవే సున్నితమైన కదలికలు చేసినవారికి వచ్చే జబ్బు ఇది. పట్టుపట్టి ఇంకా సాధన చేస్తే చాలాసార్లు ముదురుతుంది. ఆయన తనను తాను తిట్టుకుంటూ ఉంటే ఈ మాట డాక్టరు నోటితో మరోసారి చెప్పించండి.

అమెరికన్ పియానో విద్వాంసుడు లియాన్ ఫ్లైషర్‌కు 1960లలో, ముప్పై ఆరేళ్ల వయసులో, కుడిచేతి చివరి రెండు వేళ్లు ఇలాగే ముడుచుకుపోయాయి. ఎడమచేతికే రాసిన రచనలు వాయించారు, ఆర్కెస్ట్రాలు నడిపారు, పాఠాలు చెప్పారు. దాదాపు మూడు దశాబ్దాల తర్వాత బొటాక్స్ ఇంజెక్షన్లు తోడై మళ్లీ రెండు చేతులా వాయించారు. మీవారికి ఇది ఇప్పుడే చెప్పకండి, ఒళ్లు మండుతుంది. మీకోసం రాస్తున్నాను. అంతటి మనిషి కూడా మొదట్లో ప్రాణం తీసుకోవాలనుకున్నానని తర్వాత తానే చెప్పుకున్నారు.

పాఠాల మాట కొన్నాళ్లు ఎత్తకండి. గాయకుడు తర్వాతి సంగతి ఎటు తిప్పుతాడో తెలియకపోయినా గొంతు వెంటే పరుగెత్తి అందుకున్న మనిషి ఆయన. ఆయనతో "పోనీ పిల్లలకు సరళీ స్వరాలు చెప్పుకోండి" అంటే పింఛను కాగితం చేతిలో పెట్టినట్టుంటుంది. మన సంగీతంలో పాఠం నోటితోనూ చెప్పవచ్చు, వేళ్లు సహకరించకపోయినా నడుస్తుంది. అది ఆయనకు మనకన్నా బాగా తెలుసు. డబ్బుకు ఇబ్బందిగా ఉంటే దాన్ని వేరే లెక్కగా, కాగితం కలం పెట్టుకుని ఇద్దరూ కూర్చుని చూడండి. ఓదార్పులో కలపకండి.

వయొలిన్ అమ్మకండి, అమ్మనని వాదించకండి కూడా. "దసరా వెళ్లాక మాట్లాడుకుందాం" అనండి. మా నాన్నగారు పోయాక ఆయన వయొలిన్‌ను జాగ్రత్త చేస్తున్నామనుకుని తీగలన్నీ విప్పేశాం. లోపల నిలబెట్టే చిన్న పుల్ల పడిపోయింది, బాగుచేసేవాడి కోసం ఊళ్లు తిరిగాం. మీరు కమాను మాత్రం వదులు చేసి పెట్టండి, సముద్రపు తేమ ఉన్న ఊరు కాబట్టి పెట్టెను నెలకోసారి ఆరనివ్వండి. ఆయన చూస్తే చూడనివ్వండి.

అబ్బాయి విషయంలో మాత్రం మీరు చేస్తున్నది తప్పు. సంగీతం ఇంట్లో దొంగసరుకైతే వాడు తండ్రి జబ్బుకు తానే కారణమనుకుంటాడు. రోజూ ఒకే వేళకు గది తలుపు వేసుకుని అరగంట సాధన చేస్తాడని ఆయనకు ముందే చెప్పండి. వినలేకపోతే ఆ అరగంట బయట తిరిగి వస్తారు. ఏదో ఒకనాడు హాల్లోంచి "గాంధారం దిగిపోతోంది" అని కసురు వినిపించిందా, పరుగెత్తుకు రాకండి. వంటింట్లోనే ఉండండి.

ఇక ఫోన్లు. ఊళ్లో లేరనే అబద్ధం మిమ్మల్ని అలసగొడుతోంది, ఆయనను ఇంకా దాక్కునేలా చేస్తోంది. ఎవరికి ఏం చెప్పాలో ఆయననే అడగండి. "చేతికి చికిత్స జరుగుతోంది, కచేరీలు ఒప్పుకోవడం లేదు" అన్న ఒక్క వాక్యం చాలు. త్యాగరాజ ఆరాధన పిలుపులు మొదలయ్యేలోపే అడగండి.