చిన్న పార్టీ ఎంపీని గెలిపిస్తే మనకేం లాభం?

అడిగినవారు తిరుపతి వాళ్లే అనుకుంటా. "నలుగురు ఎంపీలున్న పార్టీ నుంచి గెలిచి ఢిల్లీ వెళ్తే ఏం చేస్తారు? ఐదేళ్లు కూర్చుని రావడమేగా?" అన్నది ప్రశ్న. 2024లో వైఎస్సార్‌సీపీ లోక్‌సభకు గెలిచింది నాలుగే సీట్లు, అందులో తిరుపతి ఒకటి. కాబట్టి అనుమానం న్యాయమైనదే.

నేను మన జిల్లాలోనే ఒక ఎంపీ ఆఫీసులో కొన్నాళ్లు పనిచేశాను. ఉత్తరాలు రాయడం, పార్లమెంటు ప్రశ్నలు తయారుచేయడం నా పని. పేరు, పార్టీ చెప్పను. పార్టీ చిన్నదే.

పొద్దున గేటు తెరిచేసరికే జనం ఉండేవాళ్లు. పార్లమెంటు కోసం కాదు లెండి, బ్రేక్ దర్శనం లెటర్ కోసం. ఆధార్‌లో ఒక అంకె తప్పు పడితే చాలు, కొండ మీద నుంచి ఫోన్ చేసి మనల్నే తిట్టేవాళ్లు. కేంద్రీయ విద్యాలయం సీట్లకైతే ఇంకా టెన్షన్. ఎంపీకి ఏడాదికి పది సీట్ల కోటా ఉండేది, దాన్ని 2022లో ఎత్తేశారు. ఎత్తేయడమే మంచిదైంది. పదిమందికి ఇస్తే వందమంది శత్రువులయ్యేవాళ్లు. ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు. తిరుపతిలో సర్వేపల్లి నుంచి సత్యవేడు దాకా ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లకు పంచి చూడండి, ఒక్కోదానికి ఎంత మిగులుతుందో.

ఇక సభలో మాట్లాడటం. టైమ్‌ను పార్టీ బలాన్ని బట్టి పంచుతారు. 2018 జూలై 20న అవిశ్వాస తీర్మానం పెట్టింది తెలుగుదేశం, అయినా చర్చలో ఆ పార్టీకి కేటాయించింది 13 నిమిషాలు. బీజేపీకి మూడున్నర గంటలు. మన చిత్తూరు ఎంపీ శివప్రసాద్ గారు నారదుడి వేషంలో, ఇంకో రోజు హిట్లర్ వేషంలో పార్లమెంటుకు వెళ్లింది ఆ రోజుల్లోనే. చాలామంది నవ్వారు. హిట్లర్ వేషం నాకూ నచ్చలేదు. కానీ డాక్టరై, నటుడై, రెండుసార్లు గెలిచిన మనిషికి ఒక సంగతి బాగా తెలుసు: మైకు దొరకనివాడికి కెమెరా అయినా దొరకాలి. ప్రత్యేక హోదా గురించి ఉత్తరాది చానళ్లలో ఆ నాలుగు రోజులైనా మాట వినిపించిందంటే అందులో ఆయన వేషాలకూ వాటా ఉంది.

అసలు పని జరిగేది మాత్రం కాగితం మీద. చిన్న పార్టీ ఎంపీకీ పెద్ద పార్టీ ఎంపీకీ తేడా లేని చోటు అదే. ప్రశ్నలకు లాటరీ తీస్తారు, లాటరీకి పార్టీ లేదు. నోటిసు కనీసం పదిహేను రోజుల ముందు వేయాలి. కొత్తలో "ఫలానా రైల్వే అండర్ బ్రిడ్జి ఎప్పుడు పూర్తవుతుంది?" అని రాసేవాళ్లం. "పరిశీలనలో ఉంది" అని ఒక్క ముక్కలో జవాబు వచ్చేది. ఆఫీసులో ఒక పెద్దాయన ఉండేవారు, రిటైర్డ్ రైల్వే ఉద్యోగి. "ఎప్పుడు అని అడగొద్దు నాయనా, ఎంత అని అడుగు" అన్నారు. మంజూరైంది ఎంత, గత మూడేళ్లలో ఏడాదికి ఎంత ఖర్చు పెట్టారు, మిగతాది ఖర్చు కాకపోవడానికి కారణమేంటి అని మార్చి రాశాం. ఈసారి జవాబుతో పాటు పట్టిక వచ్చింది. ఒక ఏడాది గడిలో సున్నా ఉంది.

ఆ కాగితం జిరాక్స్ తీసుకుని దిశ కమిటీ మీటింగ్‌కు వెళ్లాం. కేంద్ర పథకాల మీద జిల్లాలో జరిగే సమీక్ష అది, ఛైర్మన్ కుర్చీలో ఎంపీ కూర్చుంటారు. మామూలుగా అధికారులు "అవుతుంది సార్" అని దాటేస్తారు. మంత్రి సభలో ఇచ్చిన జవాబు ముందు పెడితే దాటేయడం కుదరదు. భూసేకరణ ఫైలు ఏ టేబుల్ మీద ఆగిందో ఆ రోజే తేలింది.

పార్లమెంటులో ప్రభుత్వ శాఖల పనిని పరిశీలించే స్టాండింగ్ కమిటీలూ అలాంటివే. ఒక్కోదాంట్లో 31 మంది, లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. టీవీ ఉండదు కాబట్టి వేషాలుండవు, పార్టీ చెప్పినట్టే నడవాలన్న విప్ గోల ఉండదు. కార్యదర్శి స్థాయి అధికారిని ఎదురుగా కూర్చోబెట్టి అడగొచ్చు. చదువుకుని వెళ్లినవాడి మాట చెల్లుతుంది. చాలామంది వెళ్లరు, అది వేరే సంగతి.

మన జిల్లాకు ఇది కొత్తేం కాదు. 1962లో చిత్తూరులో గెలిచిన అనంతశయనం అయ్యంగార్, అదే మన తిరుచానూరు ఆయన, బీహార్ గవర్నర్‌గా వెళ్లిపోతే ఉప ఎన్నిక వచ్చింది. అందులో గెలిచింది స్వతంత్ర పార్టీ ఆచార్య రంగా. ఊరు గుంటూరు జిల్లా, పార్టీకి ఆ సాధారణ ఎన్నికల్లో వచ్చినవి 18 సీట్లు. సహకార వ్యవసాయం వద్దని కాంగ్రెస్‌ను వదిలి వచ్చిన మనిషి. నెహ్రూ ఎదురుగా నిలబడి రైతు భూమి గురించి వాదించింది మన చిత్తూరు ఎంపీగానే.

కాబట్టి పార్టీకి ఎన్ని సీట్లని కాకుండా, మీ ఎంపీ ఏం అడిగారో చూడండి. లోక్‌సభ వెబ్‌సైట్‌లో ప్రశ్నల విభాగానికి వెళ్లి సభ్యుడి పేరు కొడితే అడిగినవన్నీ, జవాబులతో సహా వస్తాయి. మీ ఊరి రోడ్డు గురించో రైలు గురించో ఉంటే పట్టికలు కూడా తెరిచి చూడండి. ఏమీ లేకపోతే ఈసారి దర్శనం లెటర్‌కు వెళ్లినప్పుడు, చేతిలో మీ ప్రశ్న కాగితం కూడా పెట్టి రండి.