బావి నీళ్లు అమృతమని రాశావు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ బుధవారం అందింది. భాష శుభ్రంగా ఉంది. అయితే కనిగిరి పక్కన మీ పల్లెలో, తాతగారి కాలంలో, జనం భయమంటే ఎరుగరని, బావి నీళ్లు అమృతంలా ఉండేవని మూడో పేజీలో రాసిన వాక్యం దగ్గర కాగితాలు బల్లమీద పడేసి, కాసేపు వరండాలో తిరిగి వచ్చాను.

నాయనా, ఆ నీళ్ల సంగతి నీకెవరూ చెప్పలేదా? ఫ్లోరైడు వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బు మన దేశంలో ఉందని వైద్యులు మొదటిసారి 1937లో రాసింది, అప్పట్లో నెల్లూరు జిల్లా కింద ఉన్న ఈ మెట్ట పల్లెలను చూసే. ఫ్లోరైడుకు రుచీ వాసనా తెలియవు కనుక నీళ్లు తియ్యగానే ఉండి ఉండవచ్చు. కాని పిల్లల పళ్లమీద గోధుమరంగు చారలనూ, పెద్దల వంగిన నడుములనూ చూస్తూనే తోడుకున్న నీళ్లవి.

1968లో మా పెద్దక్కకు దర్శి వైపునుంచి సంబంధం వచ్చింది. పెళ్లిచూపులకు వచ్చిన వరుడి తండ్రి, పక్కనున్నవారు పలకరిస్తే మెడ తిప్పలేక మనిషి మొత్తంగా తిరగడం చూసి, మా నాన్న ఆ రాత్రే వద్దనేశాడు. ఆ ఇంటికి ఇంకెవరి ఆడపిల్లో వెళ్లి ఉంటుందన్న సంగతి, ఇరవై ఏళ్ల తరవాత దాన్ని కథగా రాస్తున్నప్పుడుగాని నాకు తట్టలేదు. ఆ కథను ఒక సంపాదకుడు, సంక్రాంతి సంచికకు గొబ్బెమ్మలు కావాలిగాని వంగిన నడుములెందుకని తిప్పి పంపాడు. ఆ ఏడు ఆయన వేసిన పల్లె కథలన్నీ చదివాను. ఒక్కదానిలోనూ ఎవరికీ జ్వరమైనా రాలేదు!

గుమ్మానికి కట్టిన వేపమండలను నువ్వు వేసవి అలంకారంగా రాశావు. ఇంట్లో అమ్మవారు పోసింది, లోపలికి రావద్దని వీధికి చెప్పే గుర్తు అది. మశూచి మన దేశంలో 1975తో ఆగిపోయినా, మా అమ్మ ఆ తరవాత చాలా ఏళ్లు ఎండాకాలంలో ఆ పేరు పలకడానికి జంకేది.

పాతకాలంమీద బెంగ నాకూ ఉంది, తప్పనను. అయితే మీ తాతగారు భయపడే ఉంటారు; భయపడుతూనే, వేరే నీళ్లు లేక, ఇల్లాలు అందించిన చెంబు అందుకొని తాగి ఉంటారు. ఆ చెయ్యి నీ కథలో లేదు.

పత్రికల చిరునామాలు అడిగావు, వాటికి తొందర లేదు. మీ తాతగారి తోబుట్టువుల్లో ఎవరైనా ఉంటే, కోడళ్లు మంచినీళ్లకు ఎంత దూరం నడిచేవారో అడిగి, మూడో పేజీ తిరగరాసి పంపు. నాకు చూపు తగ్గింది, అక్షరాలు కాస్త పెద్దవిగా రాయి.