చిన్న మాస్ స్పెక్ట్రోమీటర్‌కు ఏ డిటెక్టర్?

ప్రశ్న: మాది మిరప పండించే కుటుంబం. నేను భౌతికశాస్త్రంలో ఎం.ఎస్సీ. చదువుతున్నాను. ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చిలో పురుగుమందుల అవశేషాలను అక్కడే పరీక్షించగల చిన్న మాస్ స్పెక్ట్రోమీటర్‌పై (పదార్థపు అణువులను ఆవేశమున్న అయాన్లుగా మార్చి, వాటి ద్రవ్యరాశిని బట్టి వేరుచేసి గుర్తించే పరికరం) ప్రాజెక్టు మొదలుపెట్టాం. అయాన్లను గుర్తించడానికి ఫారడే కప్పు సరిపోతుందా, ఎలక్ట్రాన్ మల్టిప్లయర్ పెట్టుకోవలసిందేనా?
– ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: ముందుగా మీ పంపు ఎంత వాక్యూమ్ ఇవ్వగలదో చూసుకోండి. డిటెక్టర్ ఎంపిక చాలావరకు దాన్నిబట్టే తేలుతుంది.

ఫారడే కప్పు ఒక చిన్న లోహపు గిన్నె మాత్రమే. అందులో పడిన అయాన్ల ఆవేశాన్ని కరెంటుగా కొలుస్తాం. అది మొరటు వాక్యూమ్‌ను, అంటే గాలి కొంత మిగిలి ఉన్న స్థితిని, తట్టుకుంటుంది, ఏళ్ల తరబడి మారకుండా పనిచేస్తుంది. అయితే ఏకావేశ అయాన్లు సెకనుకు 10 లక్షలు పడినా వచ్చే కరెంటు 0.16 పికో ఆంపియర్లే (పికో అంటే లక్ష కోట్లో వంతు) కాబట్టి, రవ్వంత అవశేషాన్ని పట్టడానికి కప్పు ఒక్కటే చాలదు.

చానెల్ట్రాన్ అనే మల్టిప్లయర్ సీసం కలిసిన గాజుతో చేసిన, మేక కొమ్ములా వంగిన సన్నని గొట్టం. దాని రెండు కొసల మధ్య 2,000 వోల్టులకు పైగా ఇస్తే, మూతి దగ్గర తాకిన ఒక్క అయాను లేపిన ఎలక్ట్రాన్లు గోడలకు కొట్టుకుంటూ, కొట్టుకున్న ప్రతిసారీ మరిన్నింటిని లేపుతూ, చివరికి 10 లక్షల నుంచి 10 కోట్ల దాకా పెరుగుతాయి. ఈ పెరుగుదలలో గొట్టం పొడవుకూ వ్యాసానికీ ఉన్న నిష్పత్తే కీలకం. ఆ నిష్పత్తి మారకుండా కొలతలు తగ్గించినా ఫలితం నిలుస్తుంది. 10 మైక్రాన్ల రంధ్రాలు లక్షల కొద్దీ ఉండే, అర మిల్లీమీటరు మందపు మైక్రోచానెల్ ప్లేటు ఈ సూత్రం మీదే పుట్టింది. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా అందంగా తోచే విషయం ఇదే.

చిక్కంతా వాక్యూమ్‌తోనే. పీడనం టార్‌లో (టార్ పీడనానికి కొలమానం, మామూలు గాలి పీడనం 760 టార్లు) వెయ్యో వంతు దగ్గర ఉంటే గొట్టంలో మిగిలిన వాయువు అయనీకరణం చెంది, ఆ అయాన్లు వెనక్కి మూతివైపు పరుగెత్తి లేని సంకేతాలను పుట్టిస్తాయి. గోడ కూడా త్వరగా అరిగిపోతుంది. గొట్టాన్ని వంచడం ఈ ఎదురుపోటును తగ్గించడానికే. పీడనాన్ని లక్షో వంతు టార్‌కు దించగలిగితేనే మల్టిప్లయర్ పెట్టండి. పీడనం చూపే గేజి నిలకడ పడకముందే వోల్టేజి ఇచ్చి ఒక చానెల్ట్రాన్‌ను నేనే పాడుచేశాను కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను.

వీలైతే రెండూ అమర్చండి. మల్టిప్లయర్ ఒక్కో అయానుకు ఇచ్చే ఎలక్ట్రాన్ల సంఖ్య వాడేకొద్దీ తగ్గుతుంది. అదే అయాన్ల ధారను అప్పుడప్పుడు కప్పుతో కొలిచి పోల్చుకుంటే ఎంత తగ్గిందో తెలుస్తుంది. మైక్రోచానెల్ ప్లేటు తేమ పీల్చుకుని వంగి పగులుతుంది, అందువల్ల వానాకాలంలో దాన్ని వాక్యూమ్‌లోనో పొడి నైట్రోజన్‌లోనో దాచండి, ఉత్త వేళ్లతో ఎన్నడూ తాకవద్దు.