బీటీయూ నుంచి మైక్రోవాట్ దాకా: కొత్తగా వెళ్లే పిల్లల కోసం

జూలైలో సెలవు మీద విశాఖ వచ్చినప్పుడల్లా, ఆగస్టులో అమెరికా ప్రయాణం పెట్టుకున్న పిల్లలు ఇద్దరు ముగ్గురైనా గాజువాకలో మా ఇంటికి వస్తారు. పచ్చళ్లు తీసుకెళ్లొచ్చా, స్వెటర్లు ఇక్కడే కొనుక్కోవాలా అని అడుగుతారు. ఈసారి మిన్నెసోటాలో ఫార్మసీ కోర్సులో చేరబోతున్న ఒక అమ్మాయి వేరే సందేహం తెచ్చింది.

"అంకుల్, నా రూమ్మేట్ కొన్న హీటర్ మీద 5,000 బీటీయూ అని ఉందట. నేను చేరే ల్యాబ్ పేపర్లలో మాత్రం వేడి గ్రాఫులన్నీ సెకనుకు మైక్రోకేలరీల్లో ఉన్నాయి. రెండూ వేడి లెక్కలే కదా, ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎలా వెళ్లాలి?"

నేను వెళ్లిన మొదటి చలికాలంలో ఈ మాట నాకు చెప్పినవాళ్లు లేరు. గదిలో 1,500 వాట్ల హీటర్ ఒకటి ఉండేది. చలి ఆగక, పెట్టె మీద 5,100 బీటీయూ అని చూసి, ఇది మూడు రెట్లు బలమైనదనుకుని ఇంకొకటి కొన్నాం. నిజానికి రెండూ ఒకటే. రెండూ ఒకే లైన్‌కి పెట్టేసరికి అర్ధరాత్రి బ్రేకర్ పడిపోయింది. అక్కడ మామూలు ప్లగ్గు 120 వోల్టులు, ఆ లైన్ మోసేది సాధారణంగా 15 ఆంపియర్లు. మూడు వేల వాట్లంటే 25 ఆంపియర్లు కావాలి. బేస్‌మెంట్ తాళం ఇంటి ఓనర్ దగ్గరుండటంతో తెల్లారేదాకా చలికి వణికాం. అందుకే ఈ లెక్క గురించి ఇంత పట్టుదలగా చెబుతున్నాను.

ఒక పౌండు నీటిని ఒక ఫారెన్‌హీట్ డిగ్రీ వేడి చేయడానికి పట్టే వేడి ఒక బీటీయూ. పౌండు అంటే 453.6 గ్రాములు, ఒక ఫారెన్‌హీట్ డిగ్రీ అంటే సెల్సియస్ డిగ్రీలో తొమ్మిదింట అయిదు వంతులు. గుణిస్తే 252 కేలరీలు వస్తాయి. జౌళ్లలో చెబితే సుమారు 1,055. ఇది వేడి ఎంత అన్నది మాత్రమే. ఎంత వేగంగా ఇస్తుందో చెబితేనే అది పవర్. అమెరికాలో హీటర్ల మీద, ఏసీల మీద బీటీయూ అని రాసి 'గంటకు' అన్న మాట మింగేస్తారు. మీరు ఆ మాట మనసులో కలుపుకుని చదవండి. గంటను మరిచిపోయి సెకను అనుకుంటే లెక్క 3,600 రెట్లు తప్పుతుంది.

సెకనుకు ఒక జౌల్ అంటే ఒక వాట్. 1,055 జౌళ్లను గంటలోని 3,600 సెకన్లతో భాగిస్తే 0.293. అంటే గంటకు ఒక బీటీయూ 0.293 వాట్. తిరగేస్తే ఒక వాట్ అంటే గంటకు 3.412 బీటీయూ. మీకు గుర్తుండాల్సింది ఈ ఒక్క సంఖ్యే. ఏ యూనిట్ కనిపించినా ముందు వాట్లలోకి మార్చండి, అక్కడి నుంచి కావాల్సిన చోటికి వెళ్లండి. నేరుగా దూకబోతే సున్నాలు జారిపోతాయి.

మనకు బాగా తెలిసిన ఏసీ టన్ను కూడా ఇందులోదే. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లకి ఎక్కించే ఐసు దిమ్మల్ని తలుచుకోండి. రెండు వేల పౌండ్ల ఐసు, అంటే సుమారు 907 కిలోలు, ఒక రోజులో కరగాలంటే ఎంత వేడి తాగాలో అదే ఒక టన్ను. పౌండు ఐసు కరగడానికి 144 బీటీయూ పడుతుంది. మొత్తం 2,88,000, దాన్ని 24 గంటలకు పంచితే గంటకు 12,000 బీటీయూ, అంటే సుమారు మూడున్నర కిలోవాట్లు. టన్ను అంటే ఏసీ బరువు అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇక ఆ అమ్మాయి గ్రాఫు. ఒక కేలరీ 4.184 జౌళ్లు కాబట్టి, సెకనుకు ఒక మైక్రోకేలరీ అంటే 4.184 మైక్రోవాట్లు (మైక్రో అంటే పది లక్షో వంతు). గ్రాఫులో శిఖరం 10 దగ్గర ఉంటే 42 మైక్రోవాట్లన్నమాట. ఆ 5,000 బీటీయూ హీటర్ సుమారు 1,465 వాట్లు. హీటరిచ్చే వేడి ఆ శిఖరానికి దాదాపు మూడున్నర కోట్ల రెట్లు! మందు అణువు ప్రోటీన్‌కి అతుక్కునేటప్పుడు వచ్చే అంత చిన్న వేడిని ఆ గ్రాఫు గీసే ల్యాబ్ పరికరం పట్టుకుంటుంది. పక్కన కూర్చున్న ఫిజిక్స్ కుర్రాడు ఖగోళ శాస్త్రంలో సెకనుకు ఎర్గ్‌లు (ఎర్గ్ అంటే జౌల్ కన్నా చాలా చిన్న యూనిట్) వాడతారు కదా అన్నాడు. దారి అదే బాబూ, ఒక వాట్ అంటే సెకనుకు కోటి ఎర్గ్‌లు, గంటకు ఒక బీటీయూ అంటే సెకనుకు సుమారు 29 లక్షల ఎర్గ్‌లు.

ఎం అక్షరం దగ్గర మాత్రం ఆగి చూసుకోండి. ల్యాబ్‌లో వాట్ ముందు చిన్న ఎం ఉంటే వెయ్యో వంతు, పెద్ద ఎం ఉంటే పది లక్షలు. పరవాడ దగ్గరి సింహాద్రి థర్మల్ ప్లాంట్ 2,000 మెగావాట్లది. అదే చిన్న ఎంతో రాస్తే రెండు వాట్లు అయిపోతుంది. మా హీటింగ్ డిజైన్ కాగితాల్లో ఇంకో చిక్కు ఉంది. ఎంబీహెచ్ అని రాసినప్పుడు ఆ ఎం రోమన్ అంకె, అంటే వెయ్యి. 80 ఎంబీహెచ్ ఫర్నెస్ (ఇంటిని వెచ్చబరిచే గ్యాసు యంత్రం) అంటే గంటకు 80,000 బీటీయూ.

అది కూడా ఫర్నెస్ తీసుకునే గ్యాసులోని వేడి లెక్క. సామర్థ్యం 95 శాతమైతే ఇంట్లోకి వచ్చేది 76,000, సుమారు 22 కిలోవాట్లు. ఇల్లు మాట్లాడుకునేటప్పుడు ఫర్నెస్ మీద అతికించిన ప్లేటు చూపించమనండి, ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ చదవండి. అర్థం కాకపోతే ఫోటో తీసి నాకు పంపండి, కూర్చుని లెక్క వేద్దాం.