కుర్చీ కంటే ముందు రిటర్నుల లెక్క

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నాన్నగారు పత్రిక నీకు అప్పగిస్తానంటున్నారని, వచ్చే సంచిక నుంచే సంపాదకురాలిగా నీ పేరు వేద్దామంటున్నారని రాశావు. ఆయన ముచ్చట ఆయనది. నువ్వు మాత్రం తొందరపడకు. ఆయన నీకు ఇవ్వగలిగింది యజమాని కుర్చీ. సంపాదకుడి కుర్చీ వీలునామాలో రాసిస్తే వచ్చేది కాదు. వ్యాపారం నడపడమా, పత్రిక తయారుచెయ్యడమా, నీకు ఏది చేతనవునో ముందు తేల్చుకో. రెండూ చేతనైనవాళ్లు అరుదు. మీ తాతగారికి రెండూ వచ్చు. నాన్నగారికి ఒకటే వచ్చు, ఆ సంగతి ఆయనకీ తెలుసు.

అమెరికాలోని ప్లేబాయ్ ఎలాంటి పత్రికన్నది పక్కనపెట్టి, ఆ సంస్థ నడిచిన తీరు చూడు. వ్యవస్థాపకుడు హ్యూ హెఫ్నర్ కూతురు క్రిస్టీ 1975లో సంస్థలో చేరింది. 1982లో ప్రెసిడెంటు, 1988లో సీఈవో అయి, 2009 దాకా కొనసాగింది. నష్టాల్లో ఉన్న క్లబ్బులు వదిలించుకుని కేబుల్ టీవీ వైపు వెళ్లింది. ప్రధాన సంపాదకుడు మాత్రం ఆమె ఉన్నన్నాళ్లూ తండ్రే. ఆయన పని ఆమె చెయ్యాలనుకోలేదు. ఆమె పని ఆయన చెయ్యలేడు.

కాబట్టి మొదటి ఏడాది నీ టేబుల్ సర్క్యులేషన్ విభాగంలో వేయించుకో. జీవితమంతా సర్క్యులేషన్ చూసినవాణ్ని కదా, నేను ఇలాగే అంటాననుకో, ఫర్వాలేదు. ప్రింట్ ఆర్డర్ ఎంత, అంటే ఎన్ని కాపీలు అచ్చువేస్తున్నాం అని అడిగితే అందరూ గట్టిగా చెప్తారు. రిటర్నులు, అంటే అమ్ముడుపోక వెనక్కి వచ్చినవి ఎన్ని అని అడిగి చూడు, గొంతు తగ్గిపోతుంది. ఏజెంటుకు పంపిన కాపీలన్నీ అమ్ముడైనట్టు పుస్తకాల్లో రాసేసుకుంటాం. అమ్ముడుపోనివి ఎప్పుడో తీరిగ్గా వెనక్కి వస్తాయి. కొన్నిచోట్ల సంచిక మొత్తం కూడా పంపరు, అట్ట మీద పత్రిక పేరున్న ముక్క చింపి పంపితే లెక్కలో తీసేస్తారు. అంటే ఈ నెల లాభంగా కనిపించేది నిజంగా లాభమో కాదో తెలియాలంటే ఇంకా ఆగాలి. ఏ ముఖచిత్రం వేసినప్పుడు ఎక్కడ ఎన్ని వెనక్కి వచ్చాయో నీ చేత్తో ఒక పట్టిక రాసుకో. పాఠకుల ఇష్టాయిష్టాల గురించి మీటింగుల్లో వినేదానికంటే అందులో ఎక్కువ తెలుస్తుంది.

చందాల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడు. చందా డబ్బు బ్యాంకులో పడగానే ఆదాయంలా కనిపిస్తుంది గానీ అది పాఠకుడి దగ్గర తీసుకున్న అప్పు. మాసపత్రికకు మూడేళ్ల చందా కట్టినవాడికి మనం 36 సంచికలు బాకీ. నెలకొకటి చొప్పున తీరుతుంది. ఈలోగా కాగితం ధర పెరిగినా, పోస్టేజీ పెరిగినా పాత రేటుకే పంపాలి. డబ్బుకు కటకటగా ఉన్నప్పుడు సగం ధరకే ఐదేళ్ల చందా అని స్కీములు పెట్టి, ఆ డబ్బుతో పాత కాగితం బిల్లులు కట్టేవాళ్లు ఉంటారు. మన పత్రికలో అలాంటి స్కీము ఎవరైనా ప్రతిపాదిస్తే, పంపాల్సిన సంచికలు మొత్తం ఎన్నో, వాటికి అయ్యే ఖర్చు ఎంతో కాగితం మీద రాసి ఇమ్మను. సాధారణంగా ఆ ఫైలు మళ్లీ నీ టేబుల్ మీదికి రాదు.

పత్రిక ఎవరి డబ్బుతో బతుకుతోందో కూడా తెలుసుకో. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో అమృతాంజనం మొదలుపెట్టాకే 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. ఆ వ్యాపారంలో వచ్చింది ఈ పత్రికకు ఆసరా అయింది. ఆయన తర్వాత పత్రికను చూసుకున్నది అల్లుడు శివలెంక శంభుప్రసాద్‌గారు. ఇంకో వ్యాపారం అండ ఉండటం తప్పు కాదు, కానీ ఆ అండ ఉందని వారసులకు తెలియాలి. మీ ఇంట్లో అయితే, ప్రెస్సు బయటి పనుల మీద సంపాదించేది ఎంత, పత్రిక మీద వచ్చేది ఎంత అని విడివిడిగా అడుగు. రెండూ కలిపి చూపిస్తే ఒప్పుకోకు.

పాత సంచికల గది తాళం నీ దగ్గరే పెట్టుకో. అమెరికాలో నల్లజాతివారి కోసం జాన్ హెచ్. జాన్సన్ 1945లో మొదలుపెట్టిన ఎబొనీ పత్రికను ఆయన కూతురు లిండా జాన్సన్ రైస్ నడిపింది. 2016లో పత్రికను అమ్మేసినప్పుడు ఫొటోల భాండారాన్ని మాత్రం అమ్మలేదు. 2019లో వాళ్ల ప్రచురణ కంపెనీ దివాలా తీసినప్పుడు 40 లక్షలకు పైగా ఉన్న ఆ ఫొటోలు, నెగెటివ్‌లు 3 కోట్ల డాలర్లు పలికాయి. కొన్నవి నాలుగు పెద్ద స్వచ్ఛంద సంస్థలు. మనకు కూడా బొమ్మలు, సీరియళ్లు, కథలు బోలెడున్నాయి. అయితే అచ్చువేసినంత మాత్రాన అవన్నీ మనవైపోవు. ఏ రచయితతో ఏం రాసుకున్నాం, ఒక్కసారి వేసుకోవడానికా, అన్ని హక్కులూనా, ఆ కాగితాలు ఉన్నాయా లేవా? దీనికి లాయరు కావాలి, ఓపిక కావాలి. లేనివాటికి ఇప్పుడే రచయితల దగ్గరికి, వాళ్లు లేకపోతే వాళ్ల పిల్లల దగ్గరికి వెళ్లి, తగిన డబ్బిచ్చి రాయించుకో.

స్టాఫ్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, నిన్ను చిన్నప్పటి నుంచి ఎరిగినవాళ్లే. ఆ చనువు వల్లే నిజం చెప్పడానికి మొహమాటపడతారు. 1947 నుంచి పిల్లలు ఎదురుచూస్తూ వచ్చిన చందమామ కూడా 1998లో కార్మికుల గొడవలతో ఆగిపోయి, ఏడాది తర్వాత గానీ మళ్లీ మొదలవ్వలేదు. జీతాల తేదీ తప్పకుండా చూసుకో. సంపాదకుడిగా బయటివాణ్ని తెచ్చుకుంటే, ఏ కథనం వెయ్యాలో ఆయనకు వదిలెయ్. ప్రకటనకర్త ఫోన్ చేసి నొచ్చుకుంటే మాత్రం ఆ ఫోన్ నువ్వే ఎత్తు.

నాన్నగారితో చివరగా తేల్చుకోవాల్సింది ఒకటుంది. నీ జీతం ఎంత, తమ్ముడి వాటా ఎంత, చెక్కుల మీద ఎవరి సంతకం, ఏ తేదీ నుంచి ఆయన మాట సలహా మాత్రమే అవుతుంది. ఇవన్నీ రాయించుకుని, తమ్ముడి చేత కూడా సంతకం పెట్టించాకే ఉద్యోగంలో చేరు.

ఇట్లు,
బాబాయి